బోల్తా పడ్డ కారు వెనకొచ్చే కారు: మట్టి ట్రాక్ రేసు ప్రమాదాలపై ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో మట్టి ట్రాక్ మీద జరిగే కారు రేసులు, వాటిలో పోతున్న ప్రాణాల గురించి మాట్లాడుకుందాం. రేసు కార్ల తనిఖీ, ట్రాక్ భద్రత పనులు చూసే నిపుణులు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

ఖమ్మం కాలర్: నమస్తే అండీ. శ్రీలంకలో రేసు కారు జనం మీదికి దూసుకెళ్లిన వీడియో ఒకటి మా అబ్బాయి చూపించాడు. అది చూసినప్పటి నుంచి నాకు గుండె దడగా ఉంది. వాడేమో ఫ్రెండ్స్‌తో కలిసి ఇక్కడేదో ఆఫ్‌రోడ్ రేసు చూడ్డానికి వెళ్తానంటున్నాడు. పంపించొచ్చా సార్? అసలు అక్కడ ఏం జరిగింది?

నిపుణుడు: అది 2024 ఏప్రిల్ 21, ఆదివారం అమ్మా. దియతలావ అని కొండల్లో ఊరు. అక్కడ సైన్యం చేతిలో ఉన్న ఫాక్స్ హిల్ మట్టి ట్రాక్. ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప ఉంది, ట్రాక్ మీద డ్యూటీ చేస్తున్న సహాయకులున్నారు. ఒకదాని తర్వాత ఒకటి ఎలా జరిగిందో చూడండి. ముందు ఒక కారు బోల్తా పడింది. సిబ్బంది వెనకొచ్చే వాళ్లని నెమ్మదించమని పసుపు జెండాలు ఊపుతున్నారు. ఆ సమయంలోనే ఇంకో కారు అదుపు తప్పి, ట్రాక్ దాటి, జనంలోకి వచ్చేసింది. బోల్తా పడ్డ కారు ఎవరినీ చంపలేదు. దాని వెనకొచ్చింది చంపింది. మట్టి రేసంటే నాకు ఎప్పుడూ భయం ఆ రెండో కారు గురించే.

వ్యాఖ్యాత: జెండా ఊపుతున్నా ఎందుకు ఆగలేకపోతారు?

నిపుణుడు: గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 22 మీటర్లు. జెండా కంట్లో పడి కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఆ 22 మీటర్లు అయిపోతాయి. పొడి తారు మీద అయితే అక్కణ్ణుంచి 30 మీటర్లలో ఆగొచ్చు. వదులు మట్టి మీద 50 పడుతుంది. అంటే మొత్తం 70 మీటర్ల పైమాట. ఇంకోటి, కంగారులో బ్రేకు గట్టిగా తొక్కితే ముందు చక్రాలు తిరగడం మానేసి జారతాయి. జారే చక్రం మలుపు తిరగదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పట్టుకున్నా కారు మాత్రం ఉన్న దారిన తిన్నగా పోతుంది. అందుకే అమ్మా, మీ అబ్బాయి మలుపు బయటి అంచున ఎప్పుడూ నిలబడకూడదు. ఫొటోలు బాగా వస్తాయని అందరూ చేరేది సరిగ్గా అక్కడే. తిన్నటి దారి ముగిసే చోట, దానికి ఎదురుగా కూడా వద్దు. ట్రాక్ కంటే ఎత్తుగా ఉన్న గట్టు మీద, వెనక్కి నడవడానికి ఖాళీ వదులుకుని నిలబడమనండి. నేల మీద కూర్చుంటే లేచేలోపే కారు వచ్చేస్తుంది. కారు బోల్తా పడగానే వీడియో కోసం ముందుకి వెళ్లకుండా పది అడుగులు వెనక్కి రావాలి. కంచె దగ్గర ఒక్క తాడు మాత్రమే కనిపిస్తే ఇంటికి తిరిగొచ్చేయమనండి.

వ్యాఖ్యాత: అనంతపురం నుంచి ఫోన్. చెప్పు బాబూ.

అనంతపురం కాలర్: నమస్తే సార్. మేము నలుగురం కలిసి పాత మారుతి 800 కొన్నాం సార్, మట్టి ట్రాక్ మీద జరిగే ఆటోక్రాస్‌లో తిప్పాలని. లోపల కేజ్‌కి అంటే పల్టీ కొడితే కాపాడే గొట్టాల చట్రానికి మా ఊరి వెల్డింగ్ షాపులో జీఐ పైపు వేయించినాం. బలంగానే ఉంది, గుంజి చూసినాం సార్.

నిపుణుడు: బాబూ, ఆ కేజ్ కోసి తీసేయండి. దాంతో మాత్రం ఎక్కొద్దు. అది నీళ్ల పైపు. రేకుని గుండ్రంగా చుట్టి, పొడవునా ఒక అతుకు వేసి చేస్తారు. కారు పల్టీ కొట్టినప్పుడు ఆ అతుకు నిలువునా చీలుతుంది. పైన ఉన్న జింకు పూత వెల్డింగ్‌లో ఆవిరై టాంకాలో బుడగలు పెడుతుంది. బయటికి నిగనిగలాడుతుంది, లోపలంతా గుల్ల. అంతర్జాతీయ నిబంధనల్లో అడిగేది అతుకు లేని, కోల్డ్ డ్రాన్, అంటే వేడి చేయకుండా లాగి చేసిన, కార్బన్ స్టీల్ గొట్టం. సీటు వెనక నిలిచే మెయిన్ హూప్‌కి 45 మిల్లీమీటర్ల వ్యాసం, 2.5 మందం. లేదంటే 50 వ్యాసం, 2 మందం. మిగతా వాటికి 38 వ్యాసం, 2.5 మందం.

అనంతపురం కాలర్: పైపు మారిస్తే సరిపోతుందా సార్?

నిపుణుడు: కేజ్ కాళ్లు చూడాలి. 800 ఫ్లోర్ రేకు పలచన. ఉత్త గొట్టం దాని మీద ఆన్చి వెల్డ్ చేస్తే, పల్టీ బరువుకి గొట్టం రేకుని పొడుచుకుని కిందికి దిగిపోతుంది, టాప్ మీ తల మీదికి వస్తుంది. ఒక్కో కాలి కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం ఉన్న ప్లేటు బాడీకి పడాలి. కాలికి మూడు 8 మిల్లీమీటర్ల బోల్టులు, 8.8 గ్రేడువి. బోల్టు తల మీద ఆ అంకె అచ్చు ఉంటుంది, చూసి కొనండి. బెల్టు ఏం పెట్టారు?

అనంతపురం కాలర్: కంపెనీదే సార్.

నిపుణుడు: కంపెనీ బెల్టు పల్టీలో మనిషిని సీట్లో నిలపలేదు. ఆరు పట్టీల హార్నెస్ కావాలి. నడుము పట్టీ పొట్ట మీద కాకుండా కటి ఎముక మీద కూర్చోవాలి. భుజం పట్టీలు వెనక్కి భుజాల ఎత్తులోనో, కాస్త దిగువకో పోవాలి. ఫ్లోర్‌కి బిగిస్తే గుద్దుకున్నప్పుడు వెన్నెముకని కిందికి నొక్కేస్తాయి. హార్నెస్ మీద గడువు సంవత్సరం కుట్టి ఉంటుంది. గడువు దాటింది చవగ్గా వచ్చినా వద్దు, ఎండకి పట్టీ సత్తువ పోతుంది. మెడకి హాన్స్, అంటే భుజాల మీద కూర్చుని హెల్మెట్ని పట్టి ఉంచే కాలర్, పెట్టుకోండి. అమెరికాలో కారు రేసులు నడిపే సంస్థ నాస్కార్ 2001లో మెడ రక్షణ తప్పనిసరి చేసింది. ఒంటిని బెల్టు ఆపేస్తుంది, తల ఆగదు, పుర్రె అడుగున ఎముక విరుగుతుంది.

ఇంకో రెండు విషయాలు. బ్యాటరీని రేకు పట్టీతో బిగించి, ప్లస్ టెర్మినల్‌కి రబ్బరు తొడుగు వేయండి. బోల్తాలో అది ఊడి బాడీకి తగిలితే నిప్పురవ్వ, పక్కనే పెట్రోలు. కరెంటు కట్ చేసి ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ లోపలా బయటా రెండు చోట్ల నుంచీ అందాలి. పెట్టాక ఇంజిన్ నడుస్తుండగా తిప్పి చూడండి. బ్యాటరీ తెగినా ఆల్టర్నేటర్ కరెంటుతో ఇంజిన్ నడుస్తూనే ఉందంటే వైరింగ్ తప్పు. యాక్సిలరేటర్ కేబుల్‌లోకి మట్టి దూరి ఇరుక్కుంటే కాలు తీసినా వేగం తగ్గదు. థ్రాటిల్‌కి రెండో రిటర్న్ స్ప్రింగ్ పెట్టండి. ప్రతి రౌండ్ తర్వాత పెడల్ వేలితో నొక్కి వదిలి, టక్కున వెనక్కి వస్తోందా లేదా చూడాలి.

వ్యాఖ్యాత: వికారాబాద్ నుంచి ఫోన్.

వికారాబాద్ కాలర్: నమస్తే సార్. మాకు పదెకరాల చెల్క ఉన్నది. సంక్రాంతికి దోస్తులమంతా కలిసి చిన్న ట్రాక్ చేసి కార్లు ఉరికిద్దమనుకుంటున్నం. చుట్టూ కట్టెలు పాతి తాడు కడ్తే సరిపోతదా?

నిపుణుడు: సరిపోదన్నా. తాడు కారుని ఆపదు. ఇక్కడిదాకా రావచ్చని జనానికి చెప్పి ముందుకి తెస్తుంది, అంతే. జేసీబీతో మనిషి ఛాతీ ఎత్తు మట్టికట్ట పోయించండి, జనం దాని వెనక దూరంగా ఉండాలి. టైర్లు పేరిస్తే ఒకదానికొకటి బోల్టులతో బిగించాలి. విడి టైరు గుద్దితే అదే ఎగిరి జనంలో పడుతుంది. అన్నిటికంటే మంచి మాట చెప్తా, వింటారా? కార్లన్నీ కలిపి వదలొద్దు. ఒక్కో కారుని విడిగా గడియారం మీద పరుగెత్తించండి. ట్రాక్ ఖాళీ అయ్యాకే తర్వాతది. రెండో కారే లేకపోతే నేనిందాక చెప్పిన ప్రమాదంలో సగం పోతుంది.

వికారాబాద్ కాలర్: దుమ్ము సంగతి ఎట్ల సార్? మా చెల్క ఎండినంక బగ్గ లేస్తది.

నిపుణుడు: దుమ్ములో ఆగిపోయిన కారు వెనకవాడికి కనపడదు. ముందురోజు రాత్రి ట్యాంకరుతో నిదానంగా తడపండి, నీళ్లు లోపలికి ఇంకాలి. పొద్దున మళ్లీ పలచగా చల్లాలి. రేసుకి ముందు ఒక్కసారే గుమ్మరిస్తే పైన బురద, కింద పొడి, కారు సబ్బు మీద జారినట్టు జారుతుంది. మడమతో నొక్కితే గుర్తు పడాలి, బురద అంటుకోకూడదు. మధ్యమధ్యలో ఆపి మళ్లీ చల్లాలి. దుమ్ములో జెండా కనపడకపోతే రేసు ఆపేయాలి.

జెండా పట్టేవాళ్లు ఒక్కో చోట ఇద్దరుండాలి. ఒకరు వచ్చే కార్లకేసి, ఇంకొకరు ప్రమాదం కేసి. ఇద్దరూ ఒకే వైపు చూశారంటే వాళ్ల వీపు వెనక ఏం వస్తోందో తెలియదు. వాళ్లు కూడా కట్ట వెనకే ఉండాలి. ఒక చోటి జెండా తర్వాతి చోటికి కనపడాలి. కారు ట్రాక్ మధ్యలో బోల్తా పడితే పసుపుతో సరిపెట్టకుండా ఎర్ర జెండా, అందరూ ఆగాలి.

పొలాల్లోంచి వచ్చే డొంకలు, బండ్లబాటలు అన్నిటి దగ్గరా మనిషిని పెట్టండి. 2019 సెప్టెంబరులో జోధ్‌పూర్ జాతీయ ర్యాలీలో మోటార్‌సైకిల్ మీద ఒక కుటుంబం రేసు దారిలోకి వచ్చింది, ముగ్గురు పోయారు. మోటార్ రేసుల జాతీయ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ పర్మిట్, పోలీసు అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. మామూలు కారు పాలసీలో రేసులకి కవర్ ఉండదు, విడిగా ఈవెంట్ బీమా తీసుకోవాలి. అంబులెన్స్ ఒకరిని ఎక్కించుకుని వెళ్లిందంటే, అది తిరిగొచ్చేదాకా ఒక్క ఇంజిన్ కూడా స్టార్ట్ కాకూడదు.

వ్యాఖ్యాత: అమెరికా పెన్సిల్వేనియా నుంచి ఒక తండ్రి లైన్లో ఉన్నారు.

పెన్సిల్వేనియా కాలర్: నమస్కారమండీ. మా వాడికి పదహారేళ్లు, ఇక్కడ మట్టి ట్రాక్ మీద మైక్రో స్ప్రింట్ అనే చిన్న రేసు కారు నడుపుతాడు. ఎవరైనా గుద్దితే చాలు, కోపంతో కారు దిగిపోతాడు. ఎంత చెప్పినా వినడు.

నిపుణుడు: వాడికి కెవిన్ వార్డ్ జూనియర్ అనే రేసు డ్రైవరు సంగతి చెప్పండి. 2014 ఆగస్టు 9 రాత్రి, న్యూయార్క్ రాష్ట్రంలో కనన్‌డైగువా ట్రాక్. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లు. పేరున్న నాస్కార్ డ్రైవరు టోనీ స్టీవర్ట్ కారుతో పోటీపడుతుండగా వార్డ్ కారు గోడకి తగిలి ఆగింది. పసుపు జెండా పడింది. నల్ల సూటుతో దిగి, ట్రాక్ మీద స్టీవర్ట్ కారు వైపు నడుచుకుంటూ వచ్చాడు. ఆ కారే తగిలి చనిపోయాడు. స్టీవర్ట్ మీద కేసు అక్కర్లేదని గ్రాండ్ జ్యూరీ తేల్చింది. వారం తిరక్కముందే నాస్కార్ రూలు పెట్టింది: మంటలు, పొగ లేకపోతే సిబ్బంది వచ్చేదాకా డ్రైవరు కారులోనే కూర్చోవాలి. మీ వాడు కూర్చున్న కేజ్ వాడికి కవచం. బెల్టు ఊడదీసిన క్షణం నుంచి వాడు రోడ్డు మీద మనిషి. దిగితే తర్వాతి రెండు రేసులు ఇంట్లోనే అని మీరే నియమం పెట్టండి, తండ్రిగా ఆ హక్కు మీకుంది.

వ్యాఖ్యాత: ఆఖరి ఫోన్, కర్నూలు. చెప్పమ్మా.

కర్నూలు కాలర్: సార్, నేను నర్సింగ్ చదువుతున్నాను. రేసులో వాలంటీరుగా వెళ్తున్నాను. కారు బోల్తా పడితే ముందు డ్రైవర్‌ని బయటికి లాగాలా?

నిపుణుడు: వద్దు తల్లీ. మంటలు లేకపోతే, ఊపిరి ఆడుతుంటే, లాగొద్దు. కిల్ స్విచ్ తిప్పు. రెండు చేతులతో తలని కదలకుండా పట్టుకో. ఊపిరి ఆడకపోతేనే హెల్మెట్ తీయాలి, అదీ ఇద్దరుంటేనే. ఒకరు కింద నుంచి దవడ, మెడ పట్టుకోవాలి, ఇంకొకరు హెల్మెట్ పక్కలకి సాగదీస్తూ లాగాలి. చేతికో కాలికో రక్తం ధారగా పోతుంటే గాయం మీద బరువుగా నొక్కు. ఆగకపోతే గాయానికి పైన నాలుగు వేళ్ల దూరంలో రక్తం ఆపే టూర్నికే పట్టీ బిగించి, కట్టిన టైము నుదుటి మీద స్కెచ్ పెన్‌తో రాయి.

కర్నూలు కాలర్: కారు పడగానే పరుగెత్తాలా సార్?

నిపుణుడు: లేదు. ఎర్ర జెండా పడి, చివరి కారు కూడా ఆగిందని కంట్రోల్ నుంచి వైర్‌లెస్‌లో మాట వచ్చాకే కట్ట దాటు.

కర్నూలు కాలర్: మంటలు వస్తే?

నిపుణుడు: అప్పుడు కూడా ముందు వెళ్లేది మంటలార్పే సిలిండరు పట్టుకున్నవాళ్లు, గాలి వచ్చే వైపు నుంచి. నువ్వు వాళ్ల వెనక, ఫస్ట్ ఎయిడ్ సంచితో.