ఘాట్ రోడ్డులో స్కూటర్ లాగాలంటే: రోలర్ల లెక్క

హోస్ట్: నమస్కారం. ఒక శ్రోత పంపిన వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడదాం. ఆయనది 110 సీసీ స్కూటర్, కొని నాలుగేళ్లు దాటింది. సింగిల్‌గా వెళ్తే బాగానే ఉంటుందట. డబుల్స్ వేసుకుని సింహాచలం కొండెక్కుతుంటే మాత్రం ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. "పికప్ కిట్ ఏదైనా వేయించుకోవచ్చా?" అని, అంటే బండి ఇంకాస్త లాగేలా మార్చి వేసే రోలర్లు, స్ప్రింగుల సెట్ గురించి అడిగారు. విశాఖలో చాలా ఏళ్లుగా స్కూటర్లే చూస్తున్న మెకానిక్ అన్న మనతో ఉన్నారు. అన్నా, వేయించమంటారా?

మెకానిక్: కిట్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. ఇంజిన్ అరుస్తోందన్నాడు చూడు, అక్కడే సగం తెలిసిపోయింది. ఇంజిన్ అరిచినా బండి కదలట్లేదంటే శక్తి పుడుతోంది, చక్రం దాకా చేరట్లేదు. బెల్టు జారుతుండాలి, లేదా ఇంజిన్ బలాన్ని వెనక చక్రానికి పట్టించే క్లచ్ షూ అరిగిపోయి ఉండాలి. అలా కాకుండా అరుపే లేకుండా మూలుగుతూ ఈడ్చుకుంటూ ఎక్కితే అది వేరే జబ్బు. ఫస్ట్ గేర్‌లో ఉండాల్సిన చోట టాప్ గేర్‌లో ఉందన్నమాట.

హోస్ట్: స్కూటర్‌కి గేర్లెక్కడివి అన్నా?

మెకానిక్: నువ్వు కాలితో వేసే గేర్లు లేవంతే. ఎడమవైపు కవర్ విప్పితే ముందొక పుల్లీ, వెనకొక పుల్లీ, మధ్యలో బెల్టు. ముందు పుల్లీని వేరియేటర్ అంటాం. అందులో ఆరు రోలర్లుంటాయి. ఇంజిన్ తిరిగేకొద్దీ అవి బయటికి ఎగదన్ని పుల్లీ రెండు పలకల్నీ దగ్గరికి నెడతాయి. బెల్టు అంచు వైపు ఎక్కుతుంది, గేరు మారినట్టవుతుంది. వెనక పుల్లీలో గట్టి స్ప్రింగ్ ఒకటుంటుంది, కాంట్రా స్ప్రింగ్ అంటారు. అది దీనికి ఎదురు తోస్తుంది. రోలర్లు టాప్ వైపు నెడుతుంటే స్ప్రింగ్ ఫస్ట్ వైపు లాగుతుంది. రోడ్డు ఎత్తెక్కి వెనక చక్రం మీద బరువు పడితే, ఆ పుల్లీలో ఉన్న ఏటవాలు గాడులు కూడా స్ప్రింగ్‌కి తోడవుతాయి. అప్పుడు గేరు తనంతట తానే కిందికి దిగాలి.

హోస్ట్: అది దిగట్లేదనుకోండి?

మెకానిక్: ముందు రోలర్లు చూడాలి. అందుకే రెండు పట్టుకొచ్చాను. ఇది కొత్తది, విను.

(గాజు బల్ల మీద రోలర్ దొర్లిన చప్పుడు)

హోస్ట్: నున్నగా జారిపోయింది.

మెకానిక్: ఇప్పుడు ఇది. ఒక బండిలోంచి తీసిన పాతది.

(టక్... టక్... టక్)

హోస్ట్: అడుగడుక్కీ ఆగుతోంది!

మెకానిక్: ఒక పక్క చదునుగా అరిగిపోయింది, వేలు పెట్టి చూడు. ఇది దొర్లదు, ఈడ్చుకుంటూ జరుగుతుంది. పైకి వెళ్లాక తిరిగి కిందికి రావడానికి మొరాయిస్తుంది. ఘాట్‌లో మలుపు దగ్గర స్పీడు తగ్గించి మళ్లీ రేస్ ఇస్తే బండి తెల్లమొహం వేసేది ఇందుకే. చాలామందికి పికప్ కిట్ అవసరమే లేదు. కంపెనీ బరువులోనే కొత్త రోలర్లు, కొత్త బెల్టు పడితే పోయిన పికప్ తిరిగొస్తుంది.

హోస్ట్: బెల్టు తెగే దాకా నడిపేవాళ్లే ఎక్కువ కదా.

మెకానిక్: బెల్టు తెగక ముందే సన్నబడుతుంది. వెడల్పు తగ్గితే పుల్లీలో ఉండాల్సిన చోట ఉండదు, పట్టు పోతుంది. వెర్నియర్ అనే కొలిచే పరికరంతో కొలిచి మాన్యువల్‌లో రాసిన కొలతతో పోల్చాలి. చూసి బాగుందనుకుంటే కుదరదు.

హోస్ట్: సరే, అన్నీ కొత్తవే వేశారు. అయినా ఇంకాస్త లాగాలి. అప్పుడు?

మెకానిక్: అప్పుడు రోలర్ల బరువు తగ్గించాలి. రోలర్ తేలికైతే పుల్లీని నెట్టడానికి ఇంజిన్ ఇంకాస్త ఎక్కువ తిరగాలి. అంటే గేరు ఆలస్యంగా మారుతుంది. బండి తన బలమున్న చోటే ఎక్కువసేపు నిలబడుతుంది. మన 110, 125 సీసీ బండ్లలో టార్క్, అంటే తిప్పే బలం, ఎక్కువగా పుట్టేది 5000-5500 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరిగేటప్పుడు. పవర్ అంకె కోసం ఇంకా పైకి వెళ్లాలి, 110ల్లో అయితే 8000 దాకా.

హోస్ట్: ఎంత తగ్గించాలి? సగం బరువువి వేసేద్దామనే కుర్రాళ్లున్నారు.

మెకానిక్: వాళ్ల బండి ఊరంతా వినిపిస్తుంది, కదిలేది తక్కువ. లెక్క చెప్తా. రోలర్ బయటికి తన్నే బలం దాని బరువుని బట్టి ఉంటుంది, తిరిగే వేగానికి వర్గంగా పెరుగుతుంది. అందుకని బరువు పది శాతం తగ్గిస్తే ఆర్‌పీఎం పెరిగేది అయిదు శాతం చిల్లరే. 5500 దగ్గర మారే బండి 5800 దగ్గర మారుతుంది. స్టాక్ రోలర్, అంటే కంపెనీ వేసింది, 15 గ్రాములనుకో, 13.5 వేస్తే ఈ తేడా వస్తుంది. ఘాట్‌లో డబుల్స్‌కి అది బాగా తెలుస్తుంది. మరీ తగ్గిస్తే బెల్టు అంచు దాకా ఎక్కదు. హైవేలో 60 దగ్గరే ఇంజిన్ గోల, మైలేజీ కూడా దెబ్బతింటుంది.

హోస్ట్: మధ్యస్థం బరువు దొరక్కపోతే?

మెకానిక్: మూడు పాతవి, మూడు తేలికవి కలపొచ్చు. కానీ ఒకటి విడిచి ఒకటి పెట్టాలి. మూడూ ఒక పక్కకి పడితే బ్యాలెన్స్ పోయి పుల్లీ వణుకుతుంది. ఇంకోటి, బిగించేటప్పుడు వెనక పుల్లీని చేత్తో తెరిచి బెల్టుని లోపలికి నొక్కాలి. అప్పుడే ముందు బెల్టు వదులుగా ఉంటుంది. అలా చేయకపోతే ముందు పలకల మధ్య బెల్టు ఇరుక్కుంటుంది, నట్టు బిగిసిందనిపిస్తుంది. నిజానికి బిగిసేది బెల్టు మీద. నాలుగు రోజుల్లో నట్టు వదులై షాఫ్ట్ పళ్లు పోతాయి. ఫ్యాన్ రెక్కల్లో స్క్రూడ్రైవర్ దూర్చి నట్టు తిప్పేవాడి దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేసుకోవడం మేలు.

హోస్ట్: క్లచ్ స్ప్రింగులు, కాంట్రా స్ప్రింగ్ గట్టివి వేస్తారు కదా?

మెకానిక్: కాంట్రా కొద్దిగా గట్టిదైతే ఎత్తులో గేరు చప్పున దిగుతుంది, కాకపోతే బెల్టు వేడెక్కుతుంది. క్లచ్ స్ప్రింగులు ముట్టుకోవద్దు. గట్టివి వేస్తే బండి ఎగిరి బయల్దేరుతుంది, సరదాగానే ఉంటుంది. జగదాంబ సెంటర్ ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగుతూ కదులుతూ ఉండు, షూ కాలిన వాసన నీకే తెలుస్తుంది.

హోస్ట్: అరకు వెళ్లేవాళ్లు కూడా అడుగుతుంటారు. ఎస్.కోట దాటాక బండి నీరసపడుతుందని.

మెకానిక్: కొంత గాలి వల్ల. అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకి పైనే ఉంటుంది, అక్కడ గాలి పది శాతం దాకా పల్చన. గాలి తగ్గితే పవరూ అంతే తగ్గుతుంది, రోలర్లు మార్చినా దానికి మందు లేదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 స్కూటర్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది కాబట్టి పెట్రోలు పాళ్లు అదే సర్దుకుంటుంది. పాత కార్బురేటర్ బండ్లు పైన కాస్త రిచ్‌గా, అంటే గాలికి మించిన పెట్రోలుతో నడుస్తాయి. ఇక బరువు చూడు. బండే 105-110 కిలోలు, ఇద్దరు పెద్దవాళ్లు, బ్యాగు కలిపితే దానికంటే ఎక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, బ్రేక్ షూ పట్టేసినా, వెనక టైర్లో గాలి తక్కువున్నా ఆ ఉన్న బలం కూడా పోతుంది. యాక్టివాకి సింగిల్స్‌కి వెనక టైర్లో 29 పీఎస్‌ఐ, డబుల్స్‌కి 36. ఎంతమంది పట్టించుకుంటారు?

హోస్ట్: సిలిండర్ బోర్ పెంచి సీసీ ఎక్కించడం?

మెకానిక్: ఆర్‌సీలో సీసీ రాసి ఉంటుంది తమ్ముడూ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల్ని ఒప్పుకోదు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కే. దానికి పెట్టే డబ్బుతో 125కి మారిపో, తలనొప్పి ఉండదు.

హోస్ట్: ఎక్కడం సరే. దిగేటప్పుడు ఏమైనా తేడా ఉంటుందా?

మెకానిక్: ఉంటుంది, దీన్నెవరూ అడగరు. రేస్ పూర్తిగా వదిలేసి దిగుతుంటే కాసేపు ఇంజిన్ పట్టి ఉంచుతుంది. స్పీడు బాగా తగ్గగానే క్లచ్ వదిలేస్తుంది, బండి న్యూట్రల్‌లో పడ్డట్టు జర్రున జారుతుంది. అప్పుడు కాస్త రేస్ తగిలించి వదిలితే మళ్లీ పట్టుకుంటుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపేసి దిగొద్దు. డ్రమ్ బ్రేకుల్ని అదేపనిగా నొక్కి పట్టి దిగినా వేడెక్కి పట్టు తగ్గుతుంది. నొక్కి వదులుతూ దిగాలి, మధ్యలో ఎక్కడైనా ఆగాలి.

హోస్ట్: మన శ్రోతకి ఖర్చెంతవుతుందో?

మెకానిక్: రోలర్ల సెట్ వందల్లోనే, బెల్టు దానికంటే ఎక్కువ. కవర్ విప్పినప్పుడే రెండూ చూపించమని అడగాలి. స్టాక్ రోలర్లు అరగకుండా బాగుంటే మాత్రం పారేయొద్దు, కవర్లో చుట్టి సీటు కింద పడేసుకోమను. రేపు విజయవాడ ట్రాన్స్‌ఫర్ అయితే మళ్లీ అవే వేసుకుంటాడు.