యాట్ మీద ఉద్యోగం: ఒక నీటి చుక్కతో మొదలుపెడదాం

నమస్తే. నాలుగు సీజన్లు యాట్ (విలాస పడవ) డెక్ మీద పనిచేశాను. ఎవరికి చెప్పినా ఒకటే మాట: "భలే ఛాన్స్, జీతమిచ్చి మరీ ప్రపంచమంతా తిప్పుతారన్నమాట!" ఈ మాట వింటే నాకు నిజంగానే బాధేస్తుంది. ఎందుకంటే దీన్ని నమ్మి, అప్పు చేసి కోర్సులు చదివి, మొదటి సీజన్ సగంలోనే బ్యాగ్ సర్దుకుని దిగిపోయినవాళ్లను కళ్లారా చూశాను. వాళ్లు పనికిరానివాళ్లేం కాదు. పని ఇలా ఉంటుందని ముందు ఎవరూ చెప్పలేదు, అంతే.

(తెర మీద: తెల్లటి పెయింట్ మీద ఆరిన నీటి మరక, బాగా దగ్గరగా)

ఇదిగో, ఈ మరక చూడండి. ఒక నీటి చుక్క ఇక్కడ ఆరిపోయింది. సముద్రపు నీరు ఆరితే ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పును అలాగే వదిలేస్తే స్టెయిన్‌లెస్ స్టీల్‌ను కూడా నెమ్మదిగా తినేస్తుంది. సరే, మంచినీళ్లతో కడిగేశాం. అయిపోయిందా? లేదు. మంచినీళ్లలోనూ ఖనిజాలుంటాయి. ఎండకు ఆరితే అవి కూడా మచ్చ వేస్తాయి. అందుకే కడిగిన వెంటనే, ఎండ ముదరకముందే, నీళ్లు పీల్చే షామీ గుడ్డతో పైడెక్ నుంచి కింది దాకా తుడుచుకుంటూ రావాలి. మధ్యాహ్నం గెస్టులు పక్క దీవికి వెళ్దామంటారు. గాలికి నీళ్లు ఎగిరి పడతాయి. మళ్లీ మొదటి నుంచి.

డెక్‌హ్యాండ్‌కి, అంటే డెక్ మీద మొదటి మెట్టు పనివాడికి, మొదటి ఏడాది చాలావరకు ఇదే పని. నా మొదటి బోసన్, అంటే డెక్‌హ్యాండ్ల మీద మేస్త్రీ, రెయిలింగ్ కింద, ఎవరూ వంగి చూడని చోట, వేలు పెట్టి ఒక చుక్క చూపించాడు. ఏమీ అనలేదు, గుడ్డ నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. ఈ ఉద్యోగం ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది.

చుక్కకు ఇంత పట్టింపు ఎందుకంటారా? అద్దెకు తిరిగే యాట్‌లో సాధారణంగా 12 మందికి మించి గెస్టులు ఉండకూడదు. అంతకు మించితే అంతర్జాతీయ నిబంధనల్లో అది ప్యాసింజర్ షిప్ కింద లెక్క. అంటే పెద్ద పడవ, కొద్దిమంది మనుషులు. ఒక్కొక్కరూ కట్టేది చాలా ఎక్కువ డబ్బు. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆనుతుందో అక్కడ మరక ఉండకూడదు. ఇక పని గంటల సంగతి. సముద్ర కార్మికుల హక్కుల ఒప్పందం, అంటే ఎంఎల్‌సీ 2006 ప్రకారం, 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. చార్టర్ (అద్దె ప్రయాణం) మధ్యలో ఆ పది గంటలు మాత్రమే మిగిలే రోజులు వస్తాయి. ఎదురుగా అందమైన ఊరు కనిపిస్తూనే ఉంటుంది, మీరు మాత్రం గుడ్డ పట్టుకుని ఉంటారు.

ఇంత విన్నాక కూడా వెళ్లాలనిపిస్తోందా? అయితే మొదటి అడుగు చెప్తాను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

ముందు కోర్సు కాదు, మెడికల్. ఎక్కువ యాట్లు అడిగేది ఈఎన్‌జీ1 అనే సర్టిఫికెట్. బ్రిటన్ సముద్ర భద్రతా సంస్థ ఎంసీఏ గుర్తించిన డాక్టర్లే దాన్ని ఇస్తారు. గరిష్ఠంగా రెండేళ్లు చెల్లుతుంది. ఇందులో రంగులు గుర్తించే పరీక్ష ఉంటుంది. రాత్రి ఎదురుగా వచ్చే పడవకు ఎడమవైపు ఎరుపు దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. వాటిని చూసే అది ఎటు వెళ్తోందో తెలుసుకోవాలి. రంగులు తేడాగా కనిపించేవారికి రాత్రి లుకౌట్‌కి, అంటే చుట్టూ కనిపెట్టి చూసే కాపలాకి, పనికిరారని రాసిస్తారు. డెక్ ఆఫీసర్ దారి అక్కడే ఆగిపోతుంది. ఇంటీరియర్ (గదులు, వడ్డన), కిచెన్ లాంటి విభాగాల్లో అవకాశం ఉంటుంది. ఈ సంగతి కోర్సు డబ్బులు కట్టేశాక తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ తర్వాతే ఎస్‌టీసీడబ్ల్యూ బేసిక్ ట్రైనింగ్. ఎస్‌టీసీడబ్ల్యూ అనేది ఓడ సిబ్బంది శిక్షణపై 1978 నాటి అంతర్జాతీయ ఒప్పందం పేరు. ఈ ట్రైనింగ్‌కి దాదాపు వారం రోజులు పడుతుంది. తిరగబడ్డ లైఫ్‌రాఫ్ట్‌ను నీళ్లలో సరిచేయడం, పొగ నిండిన గదిలోకి బ్రీతింగ్ సెట్ వేసుకుని వెళ్లడం, ప్రథమ చికిత్స, ఓడ మీద భద్రత. దీంతో పాటు సెక్యూరిటీ అవేర్‌నెస్ కూడా చేయండి. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలార్పడం, ఈ రెండింటినీ ఐదేళ్లకోసారి మళ్లీ చేసి చూపించాలి.

ఇప్పుడు ఉద్యోగం. మధ్యధరా సముద్రంలో సీజన్ సుమారుగా మే నుంచి సెప్టెంబరు వరకు. అందుకే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఫ్రాన్స్‌లోని ఆంటీబ్, స్పెయిన్‌లోని పాల్మా రేవుల్లో మనుషుల కోసం వెతుకుతారు. చలికాలంలో పడవలు కరీబియన్‌కి వెళ్తాయి. వాటికి అమెరికాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ పెద్ద కూడలి. రేవులో ఒక్కో పడవ దగ్గరికీ నడిచి సీవీ ఇవ్వడాన్ని డాక్‌వాకింగ్ అంటారు. రోజు కూలికి చేసేది డేవర్క్. చాలామందికి మొదటి రిఫరెన్స్ ఆ డేవర్క్‌తోనే వస్తుంది. కానీ మీ పాస్‌పోర్టు, వీసాతో ఆ దేశంలో పని చేసే హక్కు ఉందో లేదో ముందు చూసుకోండి. టూరిస్ట్ వీసా మీద పనిచేస్తూ దొరికితే తర్వాతి వీసాలన్నిటికీ ఇబ్బందే.

ఒక్కమాట గట్టిగా చెప్తాను. "లక్షలు కట్టండి, యాట్‌లో ఉద్యోగం ఇప్పిస్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఉద్యోగం ఇప్పించినందుకు సీమన్ దగ్గర ఫీజు తీసుకోకూడదని ఎంఎల్‌సీ స్పష్టంగా చెప్తోంది. మెడికల్, సీమన్ బుక్, పాస్‌పోర్టు ఖర్చులు మీవి. వీసా ఖర్చు మాత్రం ఓనర్‌దే.

ఇక ప్రమోషన్. ఇక్కడే రెండో పెద్ద అపోహ: "మూడేళ్లు యాట్‌లో ఉన్నాను కాబట్టి ఆఫీసర్ని అవుతాను." అలా కుదరదు. ఎంసీఏ దారిలో ఆఫీసర్ టికెట్‌కి, అంటే అర్హత సర్టిఫికెట్‌కి, యాట్ మీద 36 నెలలు ఉండాలి. దాంతో పాటు 365 రోజుల సీ సర్వీస్ చూపించాలి. అందులో ఎక్కువ భాగం పడవ నిజంగా కదిలిన రోజులే కావాలి. ఒక రోజును అలా లెక్కవేయాలంటే 24 గంటల్లో కనీసం 4 గంటలు ప్రయాణం చేసి ఉండాలి.

మళ్లీ మన చుక్క దగ్గరికి వద్దాం. డెక్ మీద ఉప్పునీటి చుక్క పడని రోజు చాలావరకు మీ సముద్రపు లెక్కలోకి రాదు. సీజన్ అంతా రేవులో కట్టేసి ఉండే పడవ హాయిగానే ఉంటుంది, జీతమూ వస్తుంది, కానీ మీ లెక్క కదలదు. అందుకే ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఏడాదికి ఈ పడవ ఎన్ని మైళ్లు తిరుగుతుందో అడగండి. దిగేరోజే కెప్టెన్ చేత సీ సర్వీస్ టెస్టిమోనియల్ (ఆ రోజుల లెక్కకు రుజువు పత్రం) మీద సంతకం పెట్టించుకోండి. ఆర్నెల్లు పోయాక ఆ కెప్టెన్ ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు?

ఈ లోపు బ్రిటన్ పడవల సంస్థ ఆర్‌వైఏ ఇచ్చే యాచ్‌మాస్టర్ ఆఫ్‌షోర్ సర్టిఫికెట్‌కి సిద్ధం కావచ్చు. దానికి 50 రోజులు, 2,500 మైళ్ల అనుభవం కావాలి. డెక్‌హ్యాండ్, బోసన్, సెకండ్ ఆఫీసర్, చీఫ్ ఆఫీసర్, కెప్టెన్. మెట్లు ఇవి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. ఇంటీరియర్‌లో చుక్క గ్లాసు మీద ఉంటుంది: జూనియర్ స్ట్యూ (స్టీవార్డెస్), సెకండ్, చీఫ్ స్ట్యూ. చీఫ్ స్ట్యూ అయ్యేసరికి మనుషులను, బడ్జెట్‌ను నడపడమే పెద్ద పని. ఇంజిన్ రూమ్‌లో చుక్క డీజిల్లోకి చేరిందేమో చూడాలి. అక్కడ మొదటి మెట్టు ఏఈసీ అనే చిన్న కోర్సు. కిచెన్‌కి వేరే వీడియో కావాలి, అది పూర్తిగా వేరే ప్రపంచం. ఏ విభాగమైనా మొదటి పడవలో కనీసం ఒక సీజన్ పూర్తి చేయండి. సీవీలో కెప్టెన్లు ముందు చూసేది అదే.

ఎంసీఏ గుర్తించిన డాక్టర్ల జాబితా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంది, బ్రిటన్ బయట ఉన్నవారి పేర్లు కూడా దొరుకుతాయి. లింక్ కింద పెట్టాను. కోర్సుకి అడ్వాన్స్ కట్టేలోపు ఆ అపాయింట్‌మెంట్ తీసుకోండి.