పన్నెండేళ్ళయినా నిండని సెప్టిక్ ట్యాంక్

[పెరట్లో, ట్యాంక్ మూత పక్కన నిలబడి]

"మాది కట్టి పన్నెండేళ్ళయిందండీ, ఇంకా నిండనేదు!" పెందుర్తిలో మా పక్కింటాయన ఈ మాట ఎంత గర్వంగా చెబుతారో.

నమస్తే అండీ. అసలు సెప్టిక్ ట్యాంక్ వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండిపోతుంది. తర్వాత ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. ఎంత నీరు లోపలికెళ్తే అంత నీరు అవతలి పైపులోంచి ఇంకుడు గుంతలోకి పోతుంది. మనం కనిపెట్టాల్సింది అడుగున పేరుకునే మడ్డిని.

[కాగితం మీద బొమ్మ గీస్తూ]

బరువైనదంతా కిందికి దిగుతుంది. జిడ్డు పైన తెట్టు కడుతుంది. మధ్యలో తేరిన నీరు ఒక్కటే బయటికి పోవాలి. మడ్డిని బ్యాక్టీరియా కొంత తింటుంది, మొత్తం తినలేదు. యాసిడ్ సీసాలు గుమ్మరిస్తే ఆ కాస్తా తినదు, చచ్చిపోతుంది. మడ్డి పెరిగేకొద్దీ నీరు తేరుకునే చోటు ఉండదు, మడ్డి కూడా నీటితోపాటే కొట్టుకుపోయి గుంతలో మట్టిని పూడ్చేస్తుంది. ట్యాంక్ ఖాళీ చేయించడం ఒక్క పూట పని. కొత్త గుంత తవ్వించడమంటే తడిసి మోపెడు.

మరి మా పక్కింటాయనకి ఇబ్బంది ఎందుకు రాలేదంటారా? ఆయన పైపు తిన్నగా వీధి కాలువలోకి ఉంది. మడ్డి వీధంతా పంచుతున్నారన్నమాట.

[పొడవాటి కర్ర చూపిస్తూ]

కర్ర చివర పాత తెల్ల పంచె గుడ్డ చుట్టి గట్టిగా కట్టాను. మూత తీశాక కాసేపు దూరంగా ఉండాలి. లోపలికి తల పెట్టొద్దు, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వొద్దు. మీథేన్ అంటుకుంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని నిలబడ్డచోటే పడేస్తుంది. కర్రని అడుగు తగిలేదాకా మెల్లగా దించి, కొన్ని నిమిషాలు ఉంచి తీస్తే... ఇదిగో, గుడ్డకి చిక్కటి నలుపు పదమూడు అంగుళాల ఎత్తున అంటింది, అదే మడ్డి. నీటి లోతు నాలుగడుగులు. మూడో వంతు దాకా మడ్డి చేరితే బండిని పిలవాలి, మాది దగ్గరికొచ్చేసింది. మామూలుగా రెండు మూడేళ్ళకోసారి తీయించాలి.

వేసవిలోనే తీయించండి. మన విశాఖకి అక్టోబరంటేనే టెన్షన్, 2014లో హుద్‌హుద్ తీరం దాటింది కూడా అక్టోబరు 12నే. నేల నానిపోతే గుంత ఇంకదు, నీరు బాత్రూంలోకి వెనక్కి తన్నుతుంది. డాబా మీది వాన నీటి పైపు ట్యాంక్‌లోకి కలిపుంటే ముందు అది తీయించేయండి.

[గొంతు తగ్గించి]

తక్కువకి వస్తాడని మనిషిని మాత్రం లోపలికి దించకండి. మనుషుల చేత పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం, దించినవాళ్ళకి రెండేళ్ళ వరకు జైలు పడొచ్చు. మెషీన్ బండి కోసం 14420కి ఫోన్ చేయొచ్చు. మీ ఇల్లు కొండవాలు సందులో ఉంటే, లారీ ఆగే చోటి నుంచి మూత దాకా ఎన్ని అడుగులో కొలిచి ముందే చెప్పండి. గొట్టం అందక బండి వెనక్కెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో!