చెదలు తిన్న పుస్తకం

విశాఖపట్నం పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం బీచ్‌కి వెళ్ళకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నారంటే మీ ఓపికకి దణ్ణం పెట్టాలి. అంతరించిపోయిన జంతువుల్ని మళ్ళీ పుట్టించవచ్చా అన్నదాని గురించి ఈవేళ మాట్లాడతాను. ముందు వరసలో పిల్లలున్నారు. వాళ్ళు ఏం అడుగుతారో నాకు తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తాను. డైనోసార్ రాదమ్మా. అవి పోయి 6.6 కోట్ల ఏళ్ళయింది, డీఎన్‌ఏ అంతకాలం నిలవదు. సైబీరియా మంచులో గడ్డకట్టిన, మామత్ అనే అంతరించిన ఏనుగు పళ్ళ నుంచి పది లక్షల ఏళ్ళు దాటిన డీఎన్‌ఏ చదవగలిగారు. అదే చాలా గొప్ప.

నేను ముప్పై ఏళ్ళు జువాలజీ పాఠాలు చెప్పాను. మా ల్యాబ్‌లో ఒక బీరువా నిండా గాజుసీసాలు ఉండేవి. వాటిలో ఒకదాంట్లో తాబేలు పిల్ల. ఫార్మలిన్‌లో ఏళ్ళ తరబడి నాని తెల్లగా పాలిపోయింది. మూత చుట్టూ మైనం, మెడకి దారంతో కట్టిన చీటీ. చీటీ మీద సిరా అలికిపోయి ‘భీమిలి’ అన్న ఒక్క మాటే మిగిలింది. డిపార్ట్‌మెంట్ గదులు మార్చినప్పుడు ఆ సీసాలన్నీ మాకెవరికీ చెప్పకుండా పారబోశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కానీ నిజం ఒప్పుకోవాలి. ఆ సీసాలో ఉన్నది తాబేలు ఆకారం మాత్రమే. ఫార్మలిన్ ఒంటిని చెడిపోకుండా ఉంచుతుంది గానీ లోపలి డీఎన్‌ఏని పాడుచేస్తుంది.

స్పెయిన్ వాళ్ళు ఇంకో రకంగా దాచారు. పిరనీస్ కొండల్లో బుకార్డో అనే అడవిమేక ఉండేది. ఆ జాతిలో ఆఖరికి ఒక ఆడమేక మిగిలింది, పేరు సీలియా. 1999లో దాని చెవి నుంచి చిన్న చర్మం ముక్క తీసి ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో పెట్టారు. 2000 జనవరిలో చెట్టు విరిగి మీద పడి సీలియా చచ్చిపోయింది. ఆ చెవిముక్క కణంలోని కేంద్రకాన్ని మామూలు మేక అండంలో పెట్టి, ఒక సంకరజాతి మేక కడుపున పెంచితే 2003 జులైలో పిల్ల పుట్టింది. ఊపిరితిత్తి సరిగ్గా లేక కొద్ది నిమిషాల్లోనే పోయింది. ఒక జాతి రెండుసార్లు అంతరించడం అదే మొదలు. బతికి ఉంటే మాత్రం ఏం చేసేవారు? అదీ ఆడపిల్లే. జోడీ ఎక్కణ్ణుంచి తెస్తారు?

సీలియా విషయంలో బతికున్న కణం దొరికింది. వేల ఏళ్ళ నాటి ఎముకలో అది దొరకదు. డీఎన్‌ఏ తునకలుంటాయి, అంతే. చెదలు తిన్న తాళపత్రాల కట్ట ఊహించుకోండి. ఇక్కడ నాలుగు అక్షరాలు, అక్కడ అరపద్యం. ఏ ముక్క ఎక్కడిదో తెలియాలంటే దానికి దగ్గరి పుస్తకం ఇంకోటి పక్కన పెట్టుకుని పోల్చాలి. మామత్‌కి ఆ పక్క పుస్తకం ఆసియా ఏనుగు.

పోతన భాగవతంలో పోయిన భాగాలను గంగన, సింగన, నారయ పూరించారని మనం చదువుకున్నాం. ఎందుకు పోయాయన్నదాని మీద బోలెడు కథలున్నాయి, వాటి జోలికి ఇప్పుడు వద్దు. ముగ్గురు చెయ్యి వేసినా దాన్ని పోతన భాగవతమనే అంటాం. ఎక్కువ భాగం ఆయనదే కదా! ఇప్పుడు తిరగేసి చూడండి. ఇంకో కవి రాసిన భాగవతం ఒకటి తీసుకుని, దాంట్లో 20 చోట్ల మాటలు కొట్టేసి, పోతన మాటలు ఇరికించి, అట్ట మీద ‘బమ్మెర పోతన’ అని వేసి అమ్మితే కొంటారా?

2025 ఏప్రిల్‌లో అమెరికాలోని కొలోసల్ బయోసైన్సెస్ కంపెనీ అలాంటి అట్టే వేసింది. డైర్ వుల్ఫ్ అనే పెద్ద తోడేలు జాతి అంతరించి పదివేల ఏళ్ళు దాటింది. దాని 13 వేల ఏళ్ళ నాటి పన్ను నుంచి, 72 వేల ఏళ్ళ నాటి పుర్రె నుంచి డీఎన్‌ఏ చదివారు. ఇప్పుడున్న బూడిదరంగు తోడేలు కణాలు తీసుకుని 14 జన్యువుల్లో 20 మార్పులు చేశారు. వాటి కేంద్రకాలను కుక్క అండాల్లో పెట్టి, కుక్కల కడుపున పెంచారు. తెల్లటి బొచ్చుతో మూడు పిల్లలు పుట్టాయి, ముద్దుగానే ఉన్నాయి. తోడేలు డీఎన్‌ఏలో అక్షరాలు రెండు వందల కోట్ల పైచిలుకు. దిద్దింది 20 చోట్ల. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని మనవాళ్ళు అంటారు. ఇక్కడ పాపం నక్క తప్పేమీ లేదు, వాతలు వేరేవాళ్ళు పెట్టారు. ఇవి డైర్ వుల్ఫ్‌లు కావని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ నిపుణుల బృందం కూడా చెప్పింది.

పనిని తక్కువ చెయ్యడం లేదు. డీఎన్‌ఏని కావలసిన చోట కత్తిరించి దిద్దే క్రిస్పర్ పద్ధతి 2012లో వచ్చేదాకా ఒక్కచోట దిద్దడానికే తల ప్రాణం తోకకొచ్చేది. ఇరవై చోట్ల దిద్ది బతికే పిల్లని పుట్టించడం సామాన్యమా? నా పేచీ అట్ట మీది పేరుతోనే. పేరేదైతేనేం అనుకోకండి. ఆ వార్త రాగానే అక్కడి మంత్రి ఒకాయన, ఆపదలో ఉన్న జంతువుల జాబితాని నమ్ముకోవడం కంటే ఇలాంటి ఆవిష్కరణలే దారి అన్నట్టు మాట్లాడారు. పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చులే అన్న ధీమా ఎంత తొందరగా వచ్చేస్తుందో చూడండి.

సరే, మామత్‌నే తీసుకుందాం. కడుపున మొయ్యడానికి ఏనుగు కావాలి, 22 నెలలు మొయ్యాలి. ఆసియా ఏనుగే ఆపదలో ఉన్న జాతి. పుట్టాక ఆ పిల్లకి ఏం తినాలో, ఎటు నడవాలో ఎవరు నేర్పుతారు? ఏనుగు పిల్ల ఇవన్నీ మందలో ఆడవాళ్ళ దగ్గర నేర్చుకుంటుంది. పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళుంటే అడగండి. ఒడిశా నుంచి దిగిన ఏనుగుల గుంపు చేలల్లో పడితే అటు రైతుకీ నిద్ర లేదు, ఇటు ఏనుగుకీ నిద్ర లేదు. ఉన్న ఏనుగుకే చోటు చూపించలేకపోతున్నాం.

మారిషస్‌లో ఉండిన డోడో పక్షి సంగతి ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. మనవాళ్ళు చెరుకుతోటల కూలికి మారిషస్ ఓడెక్కేనాటికే అది పోయి శతాబ్దం దాటింది. బతికున్నవాటిలో దాని దగ్గరి చుట్టం మన నికోబార్ పావురం. పక్షిని మేకలాగా క్లోన్ చెయ్యడం ఇంతవరకూ కుదరలేదు, గుడ్డులో పచ్చసొన అడ్డం.

పక్షి అంటే కలివికోడి గుర్తొచ్చింది. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఏమనుకోకండి. 1848లో జెర్డన్ అనే సైనిక వైద్యుడు దీన్ని లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భారత్ భూషణ్ కడప జిల్లాకి వచ్చి, బొమ్మ పట్టుకుని ఊళ్ళల్లో అడిగారు. 1986 జనవరిలో ఒక రాత్రి రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు టార్చిలైటు వెలుగులో ఆ పిట్టని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ళుగా పుస్తకాల్లో తప్ప కనబడని పిట్ట! ఆ ఊళ్ళవాళ్ళకి మాత్రం పేరుతో సహా తెలుసు, కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. పట్టుకున్న పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. తర్వాత లంకమల్ల అభయారణ్యం వచ్చింది, దాని కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. మరీ చిక్కగా కాకుండా, మరీ పలచగా కాకుండా ముళ్ళపొదలుండే నేల దానికి కావాలి. మేకలు మెయ్యకపోతే పొదలు కమ్ముకుపోతాయి, కట్టెలు ఎక్కువ కొడితే బోడిదైపోతుంది. అంత సున్నితం. ఆ నేలని ఏ చెవిముక్కలో దాస్తాం?

మరి ఈ జన్యువిద్య ఎందుకూ పనికిరాదా? పనికొస్తుంది. అమెరికాలో నల్లకాళ్ళ ఫెరెట్ అని ముంగిసలాంటి జంతువు ఉంది. ఇప్పుడున్నవన్నీ ఏడింటి సంతానమే, అంటే అంతా మేనరికమే అనుకోండి. 1988లో దాచిన ఒక ఫెరెట్ కణాల నుంచి 2020 డిసెంబరులో ఎలిజబెత్ ఆన్ అనే పిల్లని పుట్టించారు. ఆ ఏడింటిలో లేని కొత్త రక్తం దాంట్లో ఉంది. ఆ జాతికి తిరిగే మైదానం ఉంది, జోడీ ఉంది, సాటి జంతువులున్నాయి. హైదరాబాద్‌లో జీవకణాల పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు ఆపదలో ఉన్న జంతువుల కోసం పెట్టిన లాకోన్స్ ల్యాబ్ కూడా ఇలాగే బతికున్నవాటి కణాలు, వీర్యం దాస్తోంది. నాకు చేతనైతే డబ్బంతా ఇటే పెడతాను.

మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేలుకి తల్లి కూడా అక్కర్లేదు. తల్లి రాత్రిపూట వచ్చి ఇసకలో గొయ్యి తీసి, వందకు పైగా గుడ్లు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. పొదిగేది ఇసకే. ఇసక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. ఏ క్లోనూ అక్కర్లేని ఈ జంతువుకి కావలసింది నాలుగు గజాల ఇసక, కాస్త చీకటి. ఆర్కే బీచ్‌లో ఆ రెండూ ఏటికేడాది తగ్గిపోతున్నాయి.

ఇది గుడ్లు పగిలే కాలం. అటవీశాఖ వాళ్ళు హేచరీ నుంచి పిల్లల్ని తెల్లవారుజామున వదులుతారు. మీ ఇంట్లో పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. ఫోన్ ఫ్లాష్ మాత్రం వెయ్యనివ్వకండి. వెలుగు ఎటుంటే సముద్రం అటే అనుకుంటాయి తాబేలు పిల్లలు. బీచ్ రోడ్డు లైట్లు చూసి ఇటు తిరిగి నడుస్తాయి.