మీ షర్ట్ ఏ ఫ్యాక్టరీలో కుట్టారో కనుక్కోవడం ఎలా

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఈరోజు హెచ్ అండ్ ఎమ్ అనే పెద్ద బట్టల రీటైల్ కంపెనీ అమ్మే షర్ట్ తీసుకుని, అది ఏ ఊళ్ళో ఏ ఫ్యాక్టరీలో కుట్టారో వెతుకుదాం, పేరు దొరికాక దాంతో ఇంకేం తెలుసుకోవచ్చో కూడా చూద్దాం. హెచ్ అండ్ ఎమ్ ఎందుకు తీసుకున్నానంటే, వాళ్ళకి సొంత ఫ్యాక్టరీలు లేవు, అన్నీ బయట సప్లయర్ల దగ్గరే చేయిస్తారు, కానీ 2013 నుంచి సప్లయర్ లిస్ట్ బయట పెడుతున్నారు. చాలా కంపెనీలు అది కూడా చెయ్యవు, అందుకే నేర్చుకోడానికి ఇది బాగుంటుంది.

సరే, ముందు లేబుల్. ఇదిగో, మేడ్ ఇన్ బంగ్లాదేశ్. ఇది కుట్టిన దేశం మాత్రమే అండి, దూది ఎక్కడిది, నూలు ఎక్కడ వడికారు, బట్ట ఎక్కడ నేశారు, రంగు ఎక్కడ వేశారు, ఇవేవీ ఇందులో ఉండవు. ఓకే, పక్కన పెడదాం.

ఇప్పుడు వాళ్ళ సైట్లో ఆ షర్ట్ పేజీ ఓపెన్ చేసి కిందకి రండి, మెటీరియల్స్, సప్లయర్స్ అని ఉన్న చోట నొక్కండి, ఇదిగో, దేశం, సప్లయర్ పేరు, ఫ్యాక్టరీ పేరు, అడ్రస్. పాత షర్ట్ అయితే పేజీ ఉండదు, అప్పుడు హెచ్ అండ్ ఎమ్ గ్రూప్ సైట్లో సప్లయర్ లిస్ట్ డౌన్‌లోడ్ చేసుకోండి. నేనైతే గూగుల్ షీట్స్‌లో వేసేసి పై వరస ఫ్రీజ్ చేసి ఫిల్టర్ పెట్టేస్తా, ఫోన్‌లో మాత్రం ట్రై చెయ్యకండి, కాలమ్‌లు అన్నీ కలిసిపోయి కనిపిస్తాయి, ల్యాప్‌టాప్ ఉంటే అందులోనే చూడండి.

ఇప్పుడు కొంచెం ఆగండి, ఈ స్టెప్ దగ్గర తొందరపడొద్దు, నాకు బాగా టైమ్ పట్టింది ఇక్కడే. సప్లయర్ వేరు, ఫ్యాక్టరీ వేరు. చూడండి, ఈ కాలమ్‌లో ఉన్నది సప్లయర్, అంటే ఆర్డర్ తీసుకున్న కంపెనీ, దాని ఆఫీస్ ఢాకాలోనో హాంకాంగ్‌లోనో ఉండొచ్చు. ఈ పక్క కాలమ్‌లో ఉన్నది ఫ్యాక్టరీ, అది ఢాకా చుట్టుపక్కల గాజీపూర్, అశూలియా, సావర్ లాంటి చోట్ల ఉంటుంది. ఒకే గ్రూప్‌కి నాలుగైదు యూనిట్లు ఉంటాయి, పేర్లు దాదాపు ఒకటే, చివర యూనిట్ 2 అనో, ఎక్స్‌టెన్షన్ అనో తేడా. మీరు సప్లయర్ పేరు పెట్టి వెతికితే ఆఫీస్ బిల్డింగ్ వస్తుంది, మీ షర్ట్ కుట్టిన మిషన్లు అక్కడ ఉండవు. కాబట్టి ఫ్యాక్టరీ పేరు, అడ్రస్ రెండూ కాపీ చేసుకుని ఓపెన్ సప్లై హబ్ అనే సైట్‌కి వెళ్ళండి, ఫ్రీనే. ఇక్కడ పేస్ట్ చెయ్యండి, చూడండి, ఒకే ఫ్యాక్టరీ రెండు మూడు స్పెల్లింగులతో వచ్చింది. పేరు నమ్మకుండా అడ్రస్‌తో పోల్చండి, మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి షెడ్డు కనిపిస్తోందా లేదా చూడండి, సరిపోయిందనుకుంటే ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన ఐడీ నంబర్ రాసి పెట్టుకోండి. ఇక్కడే ఇంకే బ్రాండ్లు ఆ ఫ్యాక్టరీని తమ లిస్ట్‌లో చూపించాయో కూడా ఉంటుంది.

అడ్రస్ కోసం ఇంత పట్టు ఎందుకంటారా? 2013 ఏప్రిల్ 24న సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల బిల్డింగ్ కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందు రోజే పగుళ్ళు కనబడ్డాయి, కింద బ్యాంకు, షాపులు మూసేశారు, పైన ఐదు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళని మాత్రం తెల్లారి లోపలికి పంపారు. ఆ తర్వాత ఎవరి బట్టలు అక్కడ కుడుతున్నారో తేల్చడానికి శిథిలాల్లో లేబుళ్ళు ఏరుకోవాల్సి వచ్చింది అండి, బిడ్డల్ని పోగొట్టుకున్న వాళ్ళు పరిహారం ఎవర్ని అడగాలో తెలియాలంటే ముందు ఆ పేరు కావాలి కదా. హెచ్ అండ్ ఎమ్ ఆర్డర్లు ఆ బిల్డింగ్‌లో లేవు. బాధితుల కుటుంబాల కోసం పెట్టిన పరిహార నిధికి మూడు కోట్ల డాలర్లు పోగవడానికి 2015 జూన్ దాకా పట్టింది.

సరే, ఐడీ దొరికింది. ఇప్పుడు సేఫ్టీ. 2013 మేలో వచ్చిన అకార్డ్ అనే ఒప్పందం, ఫ్యాక్టరీల భద్రత తనిఖీ చేయించాలని బ్రాండ్లని, యూనియన్లని చట్టపరంగా కట్టిపడేసింది, హెచ్ అండ్ ఎమ్ మొదట్లోనే సంతకం పెట్టింది, వాల్‌మార్ట్, గ్యాప్ పెట్టకుండా వేరే కూటమి కట్టుకున్నాయి. 2020 నుంచి బంగ్లాదేశ్‌లో ఆ తనిఖీలు ఆర్‌ఎస్‌సీ అనే సంస్థ చూస్తోంది. వాళ్ళ సైట్లో ఫ్యాక్టరీ పేరు కొట్టండి, కరెక్టివ్ యాక్షన్ ప్లాన్ అని వస్తుంది, అంటే సరిచెయ్యాల్సిన పనుల లిస్ట్, అది ఓపెన్ చెయ్యండి. ఎంత శాతం పని అయ్యిందో చూసి ఊరుకోకండి, ఏ పని మిగిలిందో చదవండి. ఫైర్ డోర్లు, తాళం పడే గేట్లు మిగిలి ఉంటే 95 శాతం అయినా నాకు సంతోషం లేదు.

ఆడిట్ సర్టిఫికెట్ ఉంది కదా అంటారేమో, 2012 సెప్టెంబర్‌లో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు, ఆ ఫ్యాక్టరీకి పని పరిస్థితులు బాగున్నాయని చెప్పే ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చి అప్పటికి నెల రోజులైనా నిండలేదు. అందుకే సర్టిఫికెట్ లోగో కన్నా ఏ తలుపు ఇంకా మార్చలేదో రాసిన రిపోర్టునే నేను నమ్ముతా.

జీతాలు ఈ లిస్ట్‌లో ఎక్కడా ఉండవు, విడిగా చూసుకోవాలి. బంగ్లాదేశ్ గార్మెంట్ కనీస జీతం 2023 డిసెంబర్ నుంచి నెలకి 12,500 టాకా, కార్మికులు అడిగింది 23,000. హెచ్ అండ్ ఎమ్ 2013లో, 2018కల్లా సుమారు 8,50,000 మంది కార్మికులకి బతకడానికి సరిపడా జీతం అందే పద్ధతి పెట్టిస్తామని చెప్పింది, 2018లో కార్మిక హక్కుల సంస్థలు ఆ జీతం చేతికి రాలేదని ఉద్యమం చేశాయి. ఇంకోటి, కోవిడ్‌లో, 2020 మార్చిలో, చాలా బ్రాండ్లు కుట్టేసిన ఆర్డర్లు కూడా క్యాన్సిల్ చేశాయి, హెచ్ అండ్ ఎమ్ మాత్రం తయారైనవీ, తయారవుతున్నవీ తీసుకుని డబ్బు ఇస్తామంది. ఒక కంపెనీ బాధ్యత చూడాలంటే నేను ముందు ఇదే చూస్తా, కష్టం వచ్చినప్పుడు నష్టం ఎవరి మీద వేసింది అని.

ఇప్పుడు మళ్ళీ ఆ సప్లయర్ లిస్ట్ షీట్‌కి వచ్చి ఫిల్టర్‌లో ఇండియా పెట్టండి. తమిళనాడు పేర్లు ఎన్ని వస్తున్నాయో చూడండి, స్పిన్నింగ్ మిల్లులు కూడా. 2021 జనవరిలో దిండిగల్ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే దళిత అమ్మాయిని సూపర్‌వైజర్ చంపేశాడు, అక్కడ ఆడవాళ్ళ మీద వేధింపులు అప్పుడు బయటికి వచ్చాయి. ఆ వేధింపులు ఆపడానికి 2022లో దిండిగల్ ఒప్పందం కుదిరింది, ఆడవాళ్ళు నడిపే టీటీసీయూ అనే యూనియన్ ముందుండి పోరాడింది, దాని ప్రకారం మిషన్ల దగ్గర పనిచేసే వాళ్ళలోంచే కొందరికి ట్రైనింగ్ ఇచ్చి మానిటర్లుగా పెట్టారు, ఫిర్యాదు వాళ్ళకే చెప్పుకునేలా. ఏడాదికోసారి వచ్చి పోయే ఆడిటర్‌కి ఎవరూ చెప్పని మాట పక్క మిషన్ అక్కకి చెప్తారు.

ఇక కిందకి, దూది దగ్గరకి వెళ్దామంటే, లిస్ట్ ఇక్కడ ఆగిపోతుంది, చూడండి, రైతు లేడు, పొలం లేదు. గింజ నుంచి దూది వేరు చేసే జిన్నింగ్ మిల్లులో పది ఊళ్ళ పత్తి కలిసిపోతుంది, ఆ తర్వాత ఏది ఎక్కడిదో చెప్పడం చాలా కష్టం. ఇంకా వెనక్కి వెళ్తే విత్తనం. గద్వాల, కర్నూలు వైపు వాళ్ళకి తెలుసు, సీడ్ పత్తిలో క్రాసింగ్ పని, సాయంత్రం పువ్వు విప్పాలి, పొద్దున్నే పుప్పొడి అంటించాలి, ప్రతి పువ్వుకీ చేత్తోనే. ఆ పనికి బడి మాన్పించి ఆడపిల్లల్ని తీసుకెళ్తున్నారని 2000ల మొదటి నుంచీ పరిశోధకులు రాస్తూనే ఉన్నారు. ఆ విత్తనం ఏ రైతుకి చేరి ఏ షర్ట్ అయిందో చూపించే ఎక్సెల్ ఎక్కడా లేదు.

కాబట్టి ఆఖరి స్టెప్, కస్టమర్ కేర్‌కి మెయిల్. చాట్ వద్దు, మెయిల్ అయితే మీ దగ్గర కాపీ ఉంటుంది. ఐడీ నంబర్ పెట్టి అడగండి, ఈ ఫ్యాక్టరీకి నూలు ఏ మిల్లు నుంచి వస్తోంది, ఆ మిల్లుకి దూది ఏ జిన్నింగ్ నుంచి, విత్తనం పొలాల్లో పిల్లలు లేరని ఎవరు ఎలా చూశారు. మొదటిసారి రెడీమేడ్ జవాబు వస్తుంది, సస్టైనబిలిటీ పేజీ లింక్ పంపేస్తారు, అదే మెయిల్‌కి రిప్లై కొట్టి మిల్లు పేరు కావాలని మళ్ళీ అడగండి. నేను వాడే మెయిల్ తెలుగులో, ఇంగ్లీష్‌లో రెండూ డిస్క్రిప్షన్‌లో పెట్టాను, ఫ్యాక్టరీ పేరు, ఐడీ మార్చుకుని పంపండి, జవాబు వస్తే కింద కామెంట్‌లో పెట్టండి, మిల్లు పేర్లతో ఒక షీట్ తయారు చేస్తున్నా, అందులో కలుపుతా.