వారం ఆగండి, నెల ఆగొద్దు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో చిక్కడపల్లి, నారాయణగూడ వైపు డీటీపీ, జిరాక్స్ షాపులవాళ్లే ఎక్కువ కనిపిస్తున్నారు. మీలో చాలామంది సిస్టమ్‌లు నేను విప్పి బిగించినవే కాబట్టి నా పరిచయం అక్కర్లేదు. విండోస్ అప్‌డేట్లు ఎప్పుడు వేయాలి, ఎప్పుడు ఆగాలి, అదే ఇవాళ చెబుతాను.

నాకు ఫోన్లు ఎక్కువగా వచ్చేది నెలలో రెండో వారం, బుధ, గురువారాల్లో. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం సెక్యూరిటీ అప్‌డేట్లు వదులుతోంది. వాళ్లకు అది పొద్దున, మనకు రాత్రి. మర్నాడో ఆ మర్నాడో షాపు తెరిచేసరికి ఫోను: "అన్నా, నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ప్రింట్ రావట్లేదు."

2021 సెప్టెంబరు గుర్తుందా? ప్రింటర్ షేరింగ్‌లో ఒక లోపాన్ని మూయడానికి భద్రత బిగించారు. ఒక సిస్టమ్‌కు ప్రింటర్ తగిలించి మిగతా వాటికి షేర్ చేసుకునే షాపులు మన దగ్గర బోలెడు కదా. ప్రింట్ కొడితే చివర 11బి అని ఉండే ఎర్రర్. కౌంటర్ దగ్గర జనం, నాకు టెన్షన్. ఆ వారం నేను చేసిన పని చెబుతాను, తిట్టుకోకండి: చాలా సిస్టమ్‌లలో ఆ అప్‌డేట్ తీసేశాను. ప్రింట్లు వచ్చాయి, వాళ్లు సంతోషించారు. కానీ అది తాళం పనిచేయట్లేదని తలుపే పీకేయడం లాంటిది. ప్రింటర్ ఉన్న సిస్టమ్‌లో, ప్రింట్ ఇచ్చే సిస్టమ్‌లో, రెండిట్లోనూ ఆ అప్‌డేట్ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. నేను ఒకదాంట్లో తీసి ఒకదాంట్లో ఉంచి ఇంకా గందరగోళం చేశాను.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. రాగానే వేయను. షాపులో అంత ముఖ్యం కాని ఒక సిస్టమ్‌లో ముందు వేసి, ప్రింట్, స్కాన్, తెలుగు కొట్టే అను ఫాంట్లు, అన్నీ చూస్తాను. వారంలోపు మిగతా వాటిలో వేసేస్తాను. సెట్టింగ్స్‌లో 'పాజ్' ఉంది, ఐదు వారాల దాకా ఆపుకోవచ్చు. నాకు ఒక్క వారం చాలు.

"అసలు వేయకపోతే ఏం?" అని అడిగేవాళ్లున్నారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్ వానాక్రై సంగతి చూడండి. అది దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే లోపాన్ని మూసే అప్‌డేట్, ఇచ్చింది 2017 మార్చి 14న. దాడి మొదలైంది మే 12న. మందు వచ్చిన రెండు నెలలకు జబ్బు వచ్చింది, అయినా ప్రపంచమంతా సిస్టమ్‌లు లాక్ అయిపోయాయి. దొంగలు అప్పటికే వాడేస్తున్న లోపమని వార్తల్లో వస్తే మాత్రం వారం కూడా ఆగకండి, ఆ రోజే వేయండి.

'ఆప్షనల్' అని కనిపించే వాటి జోలికి వెళ్లకండి. వాటిలో డ్రైవర్లు, అంటే ప్రింటర్ లాంటివాటిని నడిపించే సాఫ్ట్‌వేర్లు, ఉంటాయి. ప్రింటర్ బాగా పనిచేస్తుంటే దానికి కొత్త డ్రైవర్ ఎందుకు?

ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ సంగతి వేరు. 2018 అక్టోబరులో వచ్చినది కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఫైళ్లు చెరిపేసింది. దాన్ని ఆపేసి నవంబరులో మళ్లీ వదిలారు. పెళ్లి కార్డుల గిరాకీలో ఉన్నప్పుడు ఇలాంటివి పెట్టుకోకండి. మంచి పనులు మూఢంలో చేయరు కదా, ఇది మాత్రం మూఢంలోనే చేయండి. గిరాకీ ఉండదు, బ్యాకప్ తీసుకోవడానికి తీరిక ఉంటుంది.

2024 జులై 19న కంప్యూటర్లు ఆగిపోయి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన ఫొటోలు మీరూ చూసే ఉంటారు. చాలామంది విండోస్ అప్‌డేట్‌నే తిట్టారు. నిజానికి అది క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు ఫైలు. మనం విండోస్‌లో నొక్కే 'పాజ్' అలాంటి వాటిని ఆపదు.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లు ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

ఇక ఏ మూలో పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం దాచుకున్న పాత సిస్టమ్ ఉంటుంది కదా, దాని పేరెత్తితే మీరు నవ్వుతారని తెలుసు. దాన్ని పారేయమనను. నెట్ వైరు పీకేయండి. కస్టమర్ పెన్‌డ్రైవ్ మాత్రం నేరుగా దానికి పెట్టకండి, ముందు కొత్త సిస్టమ్‌లో స్కాన్ చేయండి.