స్పృహ తప్పించాకే కోయాలా? బెల్జియం చట్టం, యూరప్ కోర్టుల తీర్పులు

[తెరపై: యూరప్ మ్యాప్. కెమెరా బెల్జియం మీదికి]

జంతువును కోసే ముందు దానికి స్పృహ తప్పించాలి. దీన్నే స్టన్నింగ్ అంటారు. కరెంటుతోనో, గ్యాస్‌తోనో, బోల్ట్ గన్‌తోనో. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన 1099 నంబరు నిబంధన చెప్పేది ఇదే. కానీ మతాచారం ప్రకారం కబేళాలో కోస్తే ఆ షరతు వర్తించదు. యూదుల షెహీతా, ముస్లింల జబీహా అనే కోత పద్ధతులకు ఈ మినహాయింపే అండ.

అయితే సభ్యదేశాలు కావాలంటే ఇంకా కఠినంగా ఉండొచ్చని కూడా అదే నిబంధనలో ఉంది. బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం దాన్నే పట్టుకుంది. 2019 జనవరి 1 నుంచి అక్కడ మతాచారానికైనా స్టన్నింగ్ తప్పనిసరి. కాకపోతే ప్రాణం పోకుండా, వదిలేస్తే జంతువు మళ్లీ తేరుకునే పద్ధతిలో చేయాలి.

[తెరపై: కోర్టు భవనం]

ప్రాణం పోయేది కోతవల్లే కదా, ఆచారానికి లోటేమిటన్నది ఫ్లాండర్స్ వాదన. కోసే క్షణానికి జంతువు ఏ దెబ్బా తినకుండా ఉండాలన్నది యూదుల నియమం. హలాల్ సంస్థల్లో కొన్ని ఈ స్టన్నింగ్‌ను ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి.

2020 డిసెంబర్ 17న ఈయూ కోర్టు ఫ్లాండర్స్ పక్షాన నిలిచింది. అడ్డుకున్నది ఆచారంలో ఒక్క అంశాన్నే, మొత్తం ఆచారాన్ని కాదంది. అంతకుముందు ఆ కోర్టుకు న్యాయ సలహా ఇచ్చే అధికారి (అడ్వొకేట్ జనరల్) చెప్పిన అభిప్రాయం మాత్రం దీనికి పూర్తిగా ఎదురు.

అసలు మలుపు స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల కోర్టులో. మానవ హక్కుల ఒప్పందంలోని 9వ అధికరణ ప్రకారం మతాచరణకు హద్దులు పెట్టాలంటే కొన్ని కారణాలే చెల్లుతాయి: ప్రజా భద్రత, శాంతి, ఆరోగ్యం, నైతికత, ఇతరుల హక్కులు. జంతువుల ఊసే లేదు! 2024 ఫిబ్రవరి 13న కోర్టు వాటి సంక్షేమాన్ని 'నైతికత' కిందికి చేర్చింది. నైతికత కాలంతో పాటు మారుతుందని చెప్పి, హక్కుల ఉల్లంఘన జరగలేదని తేల్చింది.

[తెరపై: సరిహద్దు దాటుతున్న మాంసం లారీ]

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. స్టన్నింగ్ లేకుండా కోసిన మాంసం బయటి నుంచి తెచ్చుకోవచ్చు కాబట్టి నిషేధం మితిమీరలేదని ఈయూ కోర్టు అంది. మనుషుల హక్కు వరకు అది సబబే. మరి ఆ జంతువు మాటేమిటి? దాని బాధ సరిహద్దు అవతలికి మారింది, అంతేగా? వేటకు ఈ నిబంధన వర్తించదన్న అభ్యంతరాన్నీ, వేటలో చంపే పరిస్థితులే వేరంటూ ఈయూ కోర్టు పక్కన పెట్టింది.

పోనీ బెల్జియమైనా ఒక్క మాట మీద ఉందా అంటే, అదీ లేదు. బ్రస్సెల్స్ ప్రాంత పార్లమెంటు ఇలాంటి నిషేధాన్నే 2022లో ఓటింగ్‌లో తోసిపుచ్చింది.